తూనీగ ఎవరు?

బడి వదిలేశారు. ఎనిమిదో తరగతి గదిలో గోడ మీది పెద్ద తెర ఇంకా వెలుగుతూనే ఉంది. సైన్సు టీచరుకు ఎదురుగా, పిల్లలు కూర్చునే బెంచీ అంచున, ఒక తల్లి కూర్చుంది. ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. కూతురి ట్యాబ్‌ను తువ్వాలులో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తీసేసుకోండి టీచరుగారూ. ఇది మాకొద్దు."

"అయ్యో, అదేంటమ్మా? పగిలిందా? పగిలితే చెప్పండి, పర్లేదు, నేను మాట్లాడతాను."

"పగల్లేదు. గీత కూడా పడలేదు. పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకుంటుంది మా పిల్ల."

"మరి?"

"మా ఇంట్లో వద్దు, అంతే."

"అంతే అంటే ఎలాగమ్మా? క్లాసులో అందరికీ ఇచ్చాం. మీ అమ్మాయి ఒక్కతే చేతులు కట్టుకుని కూర్చుంటే బాగుంటుందా?"

"ఇదివరకు అందరూ అలాగే కూర్చున్నారుగా."

"కూర్చున్నారు. కూర్చుని నిద్రపోయారు. నేనటు తిరిగి బోర్డు మీద రాస్తుంటే వెనక నుంచి గురక వినపడేది. నవ్వకండి, నిజంగా గురకే. ఇప్పుడు గంట కొట్టినా లేవట్లేదు. తెర మీద ఒక్క ప్రశ్న పెడితే చాలు, టపటపా జవాబులు వచ్చి పడతాయి. నేను ఈ ఉద్యోగంలో చేరాక ఇన్నాళ్లకి..."

"మా పిల్ల మాట్లాడటం మానేసింది."

"ఏంటీ?"

"మాట్లాడటం మానేసిందండీ. ఇంట్లో. నాతో."

"అంటే... మీ అమ్మాయికి ముందు నుంచీ మాట కొంచెం..."

"నత్తి. నత్తి అనండి, పర్లేదు. మా ఇంట్లో అది తిట్టు కాదు."

"అదేనమ్మా. ఆ ఇబ్బంది ఉంది కాబట్టి సహజంగానే..."

"నత్తి ఉన్నవాళ్లు మాట్లాడరని ఎవరు చెప్పారు మీకు? వాగుడుకాయ అది! నేను వంట చేస్తుంటే వెనకే నిలబడి బళ్లో జరిగిందంతా చెప్పేది. మాట మధ్యలో అలా ఆగిపోయేది. నేను ఉల్లిపాయలు తరుగుతూ ఉండేదాన్ని. మాట వచ్చేదాకా తరిగేదాన్ని. నాకేం తొందర? ఒక్కోసారి కూరకి కావలసినదానికన్నా ఎక్కువే తరిగేసేదాన్ని."

"ఇప్పుడు?"

"ఇప్పుడు సరిగ్గా సరిపడా తరుగుతున్నా."

"ఈ వయసులో పిల్లలు అంతేనమ్మా. తల్లితో కన్నా..."

"పక్కింటి పిల్లదీ ఇదే వయసు. దాని నోరు మూయించలేక వాళ్లమ్మ తల పట్టుకుంటోంది."

"సరే, ఇంట్లో ఇంకేమైనా... వాళ్ల నాన్నగారు...?"

"ఆయన లారీ మీద పోతే వారానికోసారి వస్తాడు. వచ్చినప్పుడు కూతుర్ని చూసి మురిసిపోతాడు, తిట్టడం చేతకాదు. మా ఇంట్లో ఏం లేదు టీచరుగారూ. ఏదైనా జరిగితే ఇక్కడే జరిగుండాలి. అందుకే వచ్చా."

"ఇక్కడ... ఇక్కడేం జరుగుతుంది? మీ అమ్మాయి ఈ ఏడాది ఎంత ఎదిగిందో మీకు తెలీదు. ఉండండి, చూపిస్తాను. ఆ తెర మీద చూడండి. ఇవన్నీ పిల్లల జవాబులు. ఎవరూ సొంత పేరుతో రాయరు. ఎవరికి నచ్చిన మారుపేరు వాళ్లు పెట్టుకుంటారు. పులి, రాకెట్టు... ఇదిగో, 'బద్ధకం' అని కూడా పెట్టుకున్నాడొకడు."

"పాపం, నిజం చెప్పాడు."

"ఎవరు ఎవరో ఎవరికీ తెలీదు. అందుకే తప్పు రాసినా సిగ్గుండదు. నోరెత్తని పిల్లలు కూడా రాస్తారు. అదమ్మా దీని గొప్పతనం."

"మీకూ తెలీదా?"

"నాకు తెలుస్తుంది. నా లాగిన్‌లో అసలు పేర్లు కనిపిస్తాయి. ఎవరికీ చెప్పనని పిల్లలకి మొదటిరోజే మాటిచ్చాను."

"మాటిచ్చారు."

"ఆ... ఇచ్చాను. ఇదిగో, ఇక్కడ పాతవాటిలో చూడండి, 'తూనీగ'. మీ అమ్మాయే. ఆ పచ్చ డబ్బాలో ఏం రాసిందో చదవండి."

"మీరు చదవండి, వింటాను."

"మీ అమ్మాయి రాసిందమ్మా, మీరు చదివితేనే..."

"టీచరు నోటితో వింటే బాగుంటుంది."

"సరే. 'సాలీడు తన గూటికి తనే ఎందుకు అంటుకోదు? ఏ పోగుకి జిగురుందో, ఏ పోగుకి లేదో దానికి గుర్తుంటుందా? మర్చిపోయిన రోజు ఏమవుతుంది?' చూశారా? ఇలాంటి ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ రోజు ఇంటికెళ్లి నేను పుస్తకాలు తిరగేశాను."

"ఇది నాతో ముందే అంది. వంటింట్లో. సాలీడు అనడానికే చాలాసేపు పట్టింది."

"చూశారా మరి! ఇక్కడ ఒక్క క్షణంలో చెప్పేసింది."

"చెప్పేసింది. టీచరుగారూ, ఈ తూనీగ మా పిల్లేనని క్లాసులో ఎవరికీ తెలీదా?"

"తెలీదు."

"ఎవరికీ?"

"అంటే... పిల్లలు కదమ్మా. ఊహిస్తారు. కొంతమంది ఊహించి ఉండొచ్చు."

"ఊహించి."

"మనం అసలు విషయానికి వద్దాం. మాట్లాడటం తనకి కష్టం, రాయడం సులువు. మీరే తన దారికి రండి. ఇంట్లో మీరూ టైపు చేయండి. తను మెసేజ్ పెడితే మీరూ మెసేజ్ పెట్టండి. మొదట్లో వింతగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. మీకు పంపుతోందా ఏమైనా?"

"పంపుతోంది. పక్కగదిలో కూర్చుని ట్యాబ్‌లోంచి పంపుతుంది. ఇక్కడ నా ఫోను టింగుమంటుంది."

"మరింకేం! మాట్లాడట్లేదంటారేంటి? మాట్లాడుతూనే ఉంది. మీరు జవాబులు రాస్తున్నారా?"

"ఎర్ర గుండె బొమ్మ నొక్కుతాను."

"బొమ్మ ఒక్కటే ఎందుకు? రెండు ముక్కలు రాయండి. పిల్ల అంత మనసు పెట్టి రాస్తుంటే... ఏం రాస్తోంది ఇంతకీ?"

"అదే... అదే మీరు..."

"చెప్పండమ్మా."

"మీరు చూస్తారా ఒకసారి?"

"తల్లీకూతుళ్లు రాసుకున్నవి నేనెందుకు? మీరు చదివారుగా, మీరే చెప్పండి చాలు."

"నాకు చదవడం రాదు టీచరుగారూ. అలా చూడకండి. సంతకం వచ్చు. మీ రిజిస్టర్లో మీ ముందే పెట్టానుగా, వంకర లేకుండా పెడతాను. బస్సు రంగుని బట్టి ఎక్కుతాను. సైజు చీటీలు గుర్తుపట్టి కాలర్లు కుడతాను. అక్షరాలు మాత్రం రావు."

"నేను... నన్ను క్షమించండి. చదవండి చదవండి అని ఇందాకట్నుంచీ..."

"మీకేం తెలుసు, పోనివ్వండి. మా పిల్లకే తెలీదు."

"తనకి తెలీదా?"

"చిన్నప్పుడు బొమ్మల పుస్తకం తెచ్చి చదవమనేది. బొమ్మలు చూసి నేనే కథ అల్లి చెప్పేదాన్ని. అదంతా పుస్తకంలోనే ఉందనుకునేది. 'ఎంత బాగా చదువుతావమ్మా' అనేది. ఆ మాట అనడానికి దానికి ఎంతసేపు పట్టేదో మీకు తెలుసుగా. అంత కష్టపడి అన్న మాటని అబద్ధం చేయలేకపోయా. తర్వాత చెబుదాం, తర్వాత చెబుదాం అనుకుంటూనే ఇంతదాకా వచ్చింది."

"ఎవరిచేతన్నా చదివించుకోలేకపోయారా?"

"ఎవరిచేత? పిల్ల నాకని రాసింది. వీధిలో నిలబడి పక్కింటావిడ చేత చదివించుకోనా?"

"ఫోనే చదివి వినిపిస్తుందమ్మా. అక్షరాల మీద వేలుంచి, ఇదిగో ఇక్కడ నొక్కితే చాలు, గొంతు వస్తుంది."

"ఎవరి గొంతు?"

"ఎవరిదీ కాదు. ఫోనుదే."

"నత్తి లేకుండా చదువుతుందా?"

"గడగడా చదివేస్తుంది."

"అయితే అది మా పిల్ల కాదు. మీరే చదవండి. దానికి చదువు చెప్పిన గొంతు కదా, ఫరవాలేదు."

"ఇటివ్వండి. చాలా ఉన్నాయమ్మా."

"కొత్తది కింద ఉంటుంది, పాతవి పైకి పోతాయి. అంతమాత్రం తెలుసు. కింద నుంచి చదువుకుంటూ పోండి."

"ఇది ఇవాళ పొద్దున్నది. 'అమ్మా, ట్యాబ్‌లో నా పేరు మార్చేసుకున్నా. రాయి అని పెట్టుకున్నా. రాయిని ఎవరూ మాట్లాడమని అడగరు.'"

"రాయా?"

"అది తనేనని నాకు తెలీదు. ఈ రాయి ఎవరా అని అనుకున్నాను గానీ... అసలు పేరు వెతకలేదు."

"దీనికి నేనేం చేశాను? గుండె బొమ్మేనా?"

"గుండె బొమ్మే."

"తర్వాతది చదవండి."

"'ఇవాళ నువ్వు ఏమైందే అని రెండుసార్లు అడిగావు. మూడోసారి అడిగితే చెప్పేద్దామని నోరు తెరుచుకునే ఉన్నా. అప్పుడే కుక్కరు కూసింది, నువ్వు లేచి వెళ్లిపోయావు.' అమ్మా, మంచినీళ్లు తాగుతారా?"

"వద్దు. కుక్కరు... కూసింది, అవును. గుర్తుంది. చదవండి మీరు."

"'రాకెట్టు వాళ్ల గ్యాంగు ఇవాళ తెర మీద త్త్త్తూనీగ అని రాశారు. మేడమ్ వెంటనే తుడిచేశారు. అందరూ చదివాకే తుడిచారు.'"

"అలా రాశారా?"

"రాశారు. నేను మందలించాను. క్లాసు బయట నిలబెట్టాను. మళ్లీ అలా జరగలేదు."

"ఇందాక ఎవరికీ తెలీదన్నారు. ఊహించారన్నారు."

"అమ్మా..."

"చదవండి. ఇంకా పైన ఉందిగా."

"ఇది... ఇది మామూలుదే. 'అమ్మా, ఇవాళ బడికి పెద్దవాళ్లు వచ్చారు. మా క్లాసు చూసి బాగుందన్నారు.'"

"ఆ తర్వాత?"

"అంతే."

"టీచరుగారూ."

"చెప్పండమ్మా."

"నాకు అక్షరాలు రావు గానీ కళ్లున్నాయి. అది ఇంత పొడుగుంది. ఫోను నిండా అదే ఉంది. మీరు చదివింది ఇంతే. మిగతాదంతా ఏంటి?"

"అవి... ఏవో క్లాసు సంగతులు. మీకు విసుగ్గా..."

"ఇందాక ఏదో నొక్కితే ఫోనే చదువుతుందన్నారు. ఎక్కడ నొక్కాలో చూపించండి."

"వద్దు. వద్దమ్మా, నేనే చదువుతాను."

"మొత్తం చదవాలి."

"మొత్తం చదువుతాను. 'అమ్మా, ఇవాళ బడికి పెద్దవాళ్లు వచ్చారు. మా క్లాసు చూసి బాగుందన్నారు. తెర మీద నా సాలీడు ప్రశ్న చూసి, ఈ తూనీగ ఎవరు అని ఒక పెద్దాయన అడిగాడు. మేడమ్ నా వైపు చూసి నవ్వారు. చెప్పొద్దు చెప్పొద్దు అని లోపల అనుకుంటూనే ఉన్నా. చెప్పేశారు.'"

"మాటిచ్చారుగా."

"ఇచ్చాను. ఆ క్షణంలో... నాకు అంత గర్వంగా అనిపించిందమ్మా. నా క్లాసు అని కాదు, మీ అమ్మాయిని చూసి. ఈ పిల్లేనండీ, మీరెవరూ లెక్కచేయని ఈ పిల్లేనండీ అని చెప్పాలనిపించింది. మంచే అనుకున్నాను. ఒట్టు, మంచే అనుకున్నాను."

"చదవండి."

"'లేచి నిలబడమన్నారు. మైకు చేతిలో పెట్టారు. ఆ ప్రశ్న నీ నోటితో అడుగు అన్నారు. సా దగ్గర ఆగిపోయా. సా, సా, సా అని మైకులో వినపడింది, గోడల్లోంచి కూడా వినపడింది. ఆపుదామన్నా ఆగలేదు. ముందు వెనక బెంచీ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. ఆ పెద్దాయన కూడా కొంచెం నవ్వాడు. మేడమ్...'"

"ఆగారేం?"

"'మేడమ్ కూడా నవ్వారు. నన్ను చూసి కాదేమో. ఆ పెద్దాయన నవ్వాడని నవ్వారేమో. కానీ నేను చూశాను.'"

"నవ్వారా?"

"అమ్మా, అది..."

"నిన్ను కొట్టడానికి రాలేదమ్మా నేను. నవ్వావా లేదా చెప్పు."

"నవ్వాను. ఏం చేయాలో తెలియక... ఆయన ఇబ్బంది పడతారని... ఏదో మొహమాటానికి. ఒక్క క్షణం. మైకు తీసుకుని, పర్లేదు కూర్చోమన్నాను. తర్వాత ఆ అధికారులు నన్ను మెచ్చుకుని వెళ్లారు. పక్క బళ్లవాళ్లకి కూడా ఈ పద్ధతి నేర్పమన్నారు. ఇంటికెళ్లాక తలుచుకున్నాను. మర్నాడు పిలిచి మాట్లాడదామనుకున్నాను. పిలిస్తే నన్ను చూసి మామూలుగానే తలూపింది. మర్చిపోయిందిలే అనుకున్నాను. మర్చిపోయి ఉంటే బాగుండునని అనుకున్నాను. అంతేనమ్మా. అదే జరిగింది."

"దీనికీ గుండె బొమ్మే పెట్టానా నేను?"

"అమ్మా, మీకు తెలీక..."

"పెట్టానా?"

"పెట్టారు."

"నా బిడ్డ అంత ఏడుస్తూ రాస్తే, ఎర్రగా గుండె బొమ్మ పెట్టి, అన్నం తిందువు గాని రా అని పిలిచుంటాను. వచ్చి తినే ఉంటుంది కూడా."

"రేపు క్లాసులో అందరి ముందూ తనకి క్షమాపణ చెప్తాను. తప్పు నాదని చెప్తాను."

"మళ్లీ అందరి ముందా?"

"అంటే..."

"మళ్లీ దాన్నే నిలబెడతారా? మీరు మైకులో క్షమించమంటారు, అది మైకులో పర్లేదు మేడమ్ అనాలి. అదేనా?"

"లేదు. లేదు, మీరన్నది నిజమే. నాకు తట్టలేదు. మరేం చేయమంటారు చెప్పండి. ఈ ట్యాబులన్నీ తీసేయమన్నా తీసేస్తాను."

"ట్యాబేం చేసింది పాపం. అది ఇన్నాళ్లూ మా పిల్ల మాట మోసుకొచ్చింది. నేనే దాన్ని తువ్వాలులో చుట్టి పారేద్దామని వచ్చా. మోసుకొచ్చింది వినేవాళ్లు లేకపోతే అదేం చేస్తుంది? ఇక్కడ మీరు, ఇంట్లో నేను."

"మీరలా అనుకోకండి."

"ఎలా అనుకోమంటారు? సరే, నేనొకటి తేల్చుకున్నా. ఇంటికెళ్లగానే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంటా. నాకు చదవడం రాదే తల్లీ అని చెప్పేస్తా. నువ్వు రాసినవన్నీ టీచరుగారు చదివితే విన్నానే, ఒక్కటి కూడా వదల్లేదే అని చెప్తా. రాయి పేరు, కుక్కరు, మైకు, అన్నీ తెలుసని చెప్తా. అప్పుడు దాని గుండెల్లో బరువు దిగిపోతుంది. మళ్లీ వంటింట్లోకి వస్తుంది. వస్తుంది కదూ?"

"వస్తుందమ్మా. తప్పకుండా వస్తుంది."

"నాకు సిగ్గేస్తుంది చెప్పడానికి. అయినా చెప్తా. నేను నా సంగతి దాచుకుని దాన్ని మాత్రం నోరు విప్పమంటే ఎలా విప్పుతుంది? అయిపోయాయా అన్నీ? ఇంకా ఉన్నాయా పైన?"

"ఒక్కటి ఉంది. ఆ మైకు రోజుదే, అన్నిటికన్నా ముందు పంపింది. మొట్టమొదటిది."

"చదవండి మరి. అన్నీ విన్నానని చెప్పాలిగా, ఒక్కటెందుకు వదిలెయ్యడం? ఏంటి, ఫోను బల్ల మీద పెట్టేశారేం?"

"అమ్మా, ఇది... ఇది విన్నాక మీరు ఇంటికెళ్లి ఏం చేస్తారో నాకు తెలీట్లేదు."

"మళ్లీ దాస్తున్నారా?"

"దాచట్లేదు."

"అయితే చదవండి."

"'అమ్మా, నీకు చదవడం రాదని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. అందుకే నీకు రాస్తున్నా. ఇలాగైతే నీకు చెప్పుకున్నట్టూ ఉంటుంది, నువ్వు ఏడవకుండానూ ఉంటావు.'"